మార్పు నువ్వు పంపించాలి

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

కోడ్ రాయడం ఆగట్లేదు గానీ డిజైన్, అంటే ప్రోగ్రాంని ఏ భాగాలుగా విడగొట్టాలన్నది, మాత్రం మెరుగుపడట్లేదని ఫోనులో బాధపడ్డావు. నాకూ ఆ బెంగే ఉండేదిరా. ఇప్పుడు ఒక దారి దొరికింది.

మావయ్య బట్టల కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రాం రాసింది నేనే కదా. రెడీమేడ్ బట్టల మీద జీఎస్టీ అప్పట్లో 1000 రూపాయల దాకా 5 శాతం, ఆపైన 12. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 దాకా 5, ఆపైన 18 అయింది. బిల్లులో మార్చాను, నెలవారీ లెక్కలో మార్చాను. రిటర్నుల్లో, అంటే అమ్మిన సరుకు వెనక్కి తీసుకునే భాగంలో, అదే 1000 ఇంకోసారి రాసి ఉందని మర్చిపోయాను. 1800 రూపాయల చుడీదార్‌ని 90 రూపాయల పన్నుతో అమ్మాం. తిరిగి తీసుకున్నప్పుడు ప్రోగ్రాం 216 పన్ను వెనక్కిచ్చింది. మావయ్య ఏమీ అనలేదు. నాకే నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం 45 నిమిషాలు కూర్చుంటున్నాను. ఒక చిన్న సమస్యకి కాగితం మీద రెండు డిజైన్లు గీస్తాను. రేపు రాగల మార్పులు పక్కన రాసి, ఒక్కోదానికి ఎన్ని ఫైళ్లు ముట్టుకోవాలో ముందే అంచనా వేస్తాను. తర్వాత కోడ్ రాసి, నిజంగానే మార్చి, లెక్కపెడతాను. అంచనా తప్పిన చోటే అసలు పాఠం దొరుకుతోందిరా!

మొన్న పాతపట్నం డెలివరీ పెట్టి చూశాను. మాది ఒడిశా, అది ఆంధ్ర కదా. రాష్ట్రం దాటితే సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) అని రెండు వరసల బదులు ఐజీఎస్టీ అని ఒకటే పడాలి. ఒక ఫైలు చాలనుకున్నాను, నాలుగు మార్చాల్సి వచ్చింది. పన్ను అంటే రెండు వరసలేనని బిల్లు, ప్రింటు, రిటర్ను, రిపోర్టు అన్నీ అనుకుని కూర్చున్నాయి. ఇప్పుడు పన్ను లెక్కంతా ఒక్కచోటే ఉంది. అది వరసల జాబితా ఇస్తుంది, మిగతావి ఇచ్చినన్ని అచ్చు వేస్తాయి.

1972లో డేవిడ్ పార్నస్ అనే ఆయన ఒక పేపరు రాశాడు. ఒకే ప్రోగ్రాంని రెండు రకాలుగా విడగొట్టి చూపించాడు: ఒకటి పని జరిగే వరసలో, రెండోది మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్నీ ఒక్కో భాగంలో దాచిపెట్టి. అది చదివాక తెలిసింది, నేను ఇన్నాళ్లూ మొదటి రకంలోనే రాస్తున్నానని.

కాకపోతే ఒక చిక్కుంది. మార్పులు నేనే ఊహించుకుంటే, నాకు తెలియకుండానే వాటికి తగ్గట్టు గీసేస్తున్నాను. అక్కడే నువ్వు కావాలి. ఈ వారం సమస్య శ్రీకాకుళం బస్సు సీట్ల రిజర్వేషన్. నా రెండు డిజైన్ల ఫొటోలు రేపు వాట్సాప్‌లో పెడతాను. నేను ఊహించని మార్పు ఒకటి ఆలోచించి శనివారం దాకా నీ దగ్గరే ఉంచు. నీ డిజైన్లు కూడా పంపు, నీకూ ఒకటి వెతికి పెడతాను.

పిన్నిని అడిగానని చెప్పు.

నీ
రవి