డుడుమకు ఆదివారం పూటైనా నీళ్లు వదలండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న సంక్రాంతి సెలవులకు మనవణ్ణి తీసుకుని పాడేరు, ముంచంగిపుట్టు మీదుగా ఆంధ్రా, ఒడిశా సరిహద్దులోని డుడుమ జలపాతం చూడ్డానికి వెళ్లాను. చిన్నప్పుడు వానాకాలంలో మా నాన్నగారు నన్ను అక్కడికి ఎత్తుకెళ్లారు. జలపాతం కంటికి కనపడక ముందే హోరు వినిపించింది. దగ్గరికి వెళ్లేసరికి తుంపరకి చొక్కా తడిసిపోయింది. దారి పొడవునా మనవడికి ఇవే కబుర్లు చెప్పాను.

తీరా వెళ్తే ఐదు వందల అడుగులు పైబడిన నల్లటి బండ కనిపించింది. దాని మీద సన్నటి తడి చార, అంతే. "తాతయ్యా, జలపాతం ఏదీ?" అన్నాడు వాడు. ఇదే నాన్నా అన్నాను. నమ్మలేదు.

ఈ జలపాతానికి రావాల్సిన మత్స్యగెడ్డ (మాచ్‌ఖండ్ నది) నీళ్లు ముందు జోలాపుట్ జలాశయంలో ఆగుతాయి. అక్కణ్ణుంచి వదిలిన నీటిని జలపాతానికి కాస్త ఎగువన డైవర్షన్ డ్యామ్ దగ్గర పట్టి కాలువలోకి, ఆపైన పెద్ద పెద్ద పైపుల్లోకి మళ్లిస్తారు. బండ మీంచి దూకాల్సిన నది పైపుల్లో దిగి, లోయ అడుగున మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో ఆరు యూనిట్లను తిప్పుతోంది. 1955 నుంచీ అక్కడ కరెంటు తీస్తున్నారు. సామర్థ్యం 120 మెగావాట్లు. మా నాన్నగారు ఆ ప్రాజెక్టులోనే పనిచేశారు, ఆ జీతంతోనే మేం పెరిగాం. కాబట్టి డ్యామ్ మీద నాకు కోపం లేదు. పవర్‌హౌస్‌కి దిగే వించ్‌లో (తాడుతో లాగే పట్టాల బండి) అనుమతి లేకుండా ఎవర్నీ ఎక్కనివ్వరు. అది భద్రత కోసం, దాన్ని తెరవమని కూడా అడగను. కానీ కిందికి వెళ్లడానికి వీల్లేక, పైనుంచి చూద్దామంటే నీళ్లూ లేక, జనం ఏం చూడాలి?

నేను అడిగేది చాలా చిన్నది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి నాలుగింటి దాకా 200 క్యూసెక్కులు జలపాతం మీదికి వదలండి. లెక్క వేసి చూశాను. ఒక్క ఆదివారానికి 43 లక్షల ఘనపుటడుగులు. నాలుగు నెలల ఆదివారాలన్నీ కలిపినా టీఎంసీలో పదో వంతు కాదు. జోలాపుట్‌లో పట్టేది 34 టీఎంసీల పైమాట. పైగా ఆ నీళ్లు ఎక్కడికీ పోవు. బండ మీంచి దూకినా, పవర్‌హౌస్‌లోంచి బయటికొచ్చినా చేరేది దిగువన ఉన్న బలిమెల జలాశయానికే. అక్కడా, ఆ కింద సీలేరు మీదా మళ్లీ కరెంటు తీస్తూనే ఉన్నాం. పోయేది మాచ్‌ఖండ్‌లో ఆ ఆరు గంటలు తగ్గే కొద్దిపాటి ఉత్పత్తి.

నయాగరా దగ్గర అమెరికా, కెనడా 1950లోనే ఒప్పందం రాసుకున్నాయి. పర్యాటకులు వచ్చే నెలల్లో పగటిపూట సెకనుకు లక్ష ఘనపుటడుగులు, మిగతా సమయంలో 50 వేలు జలపాతానికి వదలాల్సిందే. ఆ పైన ఉన్నదే కరెంటుకి. రెండు దేశాలు కూర్చుని తేల్చుకున్నదాన్ని ఆంధ్రా, ఒడిశా తేల్చుకోలేవా? జోలాపుట్ నీటిని సగం సగం పంచుకునే దగ్గర జలపాతానికి కూడా ఓ చిన్న వాటా రాయొచ్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. జలపాతం పైనా కిందా గెడ్డలో బట్టలు ఉతికేవాళ్లు, పశువుల్ని తోలుకొచ్చేవాళ్లు ఉంటారు. గేటు ఎత్తే ముందు సైరన్ మోగించాలి, ముందు రోజే చుట్టుపక్కల ఊళ్లలో దండోరా వేయించాలి. హఠాత్తుగా వదిలితే ప్రాణాలు పోతాయి.

మేం నిలబడ్డ చోట ఒకావిడ గోనెసంచి పరిచి ఉడికించిన వేరుశనక్కాయలు అమ్ముతోంది. పొద్దుణ్ణుంచి మూడు పొట్లాలు పోయాయట. "వానల్లో అయితే జనం వస్తారు బాబూ, తర్వాత ఎవరొస్తారు?" అంది. ఈ ప్రాజెక్టు కోసం ఊళ్లూ పొలాలూ నీళ్లలో కలిసిపోయింది ఇక్కడి గిరిజనులవే. లంబసింగికీ అరకుకీ బారులు తీరే కార్లలో కొన్ని ఇటు తిరిగినా ఆవిడ లాంటి వాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి.

తిరుగు ప్రయాణంలో మనవడు ఒకటే అడిగాడు, మళ్లీ ఎప్పుడొస్తే నీళ్లుంటాయి అని. రెండు రాష్ట్రాల విద్యుదుత్పత్తి సంస్థల అధికారులు, పర్యాటక శాఖ వాళ్లు మాట్లాడుకుని ఒక తేదీ ప్రకటిస్తే వాడికి చెబుతాను.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం