కొబేన్ పాట గురించి రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 5 వచ్చిందంటే అమెరికన్ రాక్ బృందం ‘నిర్వాణ’ గాయకుడు కర్ట్ కొబేన్ మీద వ్యాసాలు వస్తాయి. 1994లో, 27 ఏళ్లకే ఎలా పోయాడన్నదే అందులో ముప్పాతిక భాగం. పాట సంగతి చివర్లో రెండు లైన్లు. అభిమానిగా నాకిది చాలా బాధగా ఉంటుంది.

ఉద్యోగరీత్యా సియాటెల్ దగ్గర ఉంటున్నాను. అక్కడ ఆయన ఉన్న ఇంటి పక్కనే విరెట్టా పార్కు ఉంది. చిన్న పార్కు. విగ్రహం లేదు, ఉన్నవల్లా చెక్క బెంచీలు. వాటి నిండా అభిమానుల రాతలే, ఒకదాని మీద ఒకటి. మొన్న ఏప్రిల్‌లో సన్నగా చినుకులు పడుతుంటే వెళ్లాను. ఎవరో పెట్టిన పూలు తడుస్తున్నాయి. ఒకమ్మాయి గిటార్ వాయిస్తూ మెల్లగా పాడుతోంది. ఆమె పుట్టేనాటికే ఆయన లేడు. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలాగే నిలబడిపోయాం.

1993 నవంబరులో న్యూయార్క్‌లో ఎమ్‌టీవీ కోసం ఆయన చేసిన కచేరీని మీ పాఠకులు ఒక్కసారి వినాలి. స్టేజి మీద లిల్లీ పూలు, కొవ్వొత్తులు. మామూలు హోరు లేదు. చివరగా ఒక పాత అమెరికన్ జానపద గీతం ఎత్తుకుంటాడు. ముగింపులో గొంతు పైకి లేచి, చిరిగిపోయినట్టు అవుతుంది. ఆఖరి మాటలు పలికే ముందు ఒక్క క్షణం ఆగి, కళ్లు తెరిచి, ఊపిరి పీల్చుకుంటాడు.

వచ్చే ఏప్రిల్‌లో ఆయన గురించి వేస్తే, దయచేసి ఆ క్షణం గురించి వేయండి.

– ఒక పాఠకుడు, రెడ్మండ్, అమెరికా