24 అంటే 12 అని చూపించిన చెల్లెమ్మకు కృతజ్ఞతలు

పేరు రాయొద్దని తనే ఒట్టు పెట్టించుకుంది కాబట్టి రాయడం లేదు. మా చెల్లెలి ఆఫీసులో పనిచేసే అమ్మాయి, నన్ను అన్నా అని పిలుస్తుంది. రెండు ఆదివారాలు, మధ్యలో మూడు నాలుగు రాత్రులు తన పనులు మానుకుని నా వెబ్‌సైట్ సంగతి చూసింది. ఫోన్‌లో థాంక్స్ చెప్పబోతే "సరేలెండి అన్నా" అని పెట్టేసింది. అందుకే ఇలా నలుగురిలో చెప్పుకుంటున్నాను. ఎలాగూ చెబుతున్నాను కాబట్టి జరిగిందేమిటో కూడా పూర్తిగా రాస్తాను. చిన్న వ్యాపారం పెట్టుకుని సొంతంగా యాడ్స్ వేసుకునే వాళ్లలో ఇంకెవరికైనా ఇదే తలనొప్పి ఉండొచ్చు, అది ఉన్నట్టు కూడా తెలియకపోవచ్చు. నాకు తెలియలేదు మరి.

మాది చేత్తో కుట్టిన బ్యాగుల వ్యాపారం. కుట్టేది ఇద్దరు, అమ్మేది నేను, ప్యాకింగ్‌కి అందరం. వెబ్‌సైట్ ఏడాదిన్నర కిందట ఒకాయన చేత చేయించుకున్నాం. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్స్ నేనే వేస్తాను. యాడ్ చూసి వచ్చిన వాళ్లలో ఎవరు కొన్నారో తెలియడానికి, ఆ రెండూ నడిపే మెటా కంపెనీ వాళ్లది పిక్సెల్ అని ఒక చిన్న జావాస్క్రిప్ట్ ముక్క ఉంటుంది. దాన్ని వెబ్‌సైట్‌లో పెడితే, ఎవరైనా పేజీ తెరిచినప్పుడు ఒక కబురు, కార్ట్‌లో వేసినప్పుడు ఒక కబురు, కొన్నప్పుడు ఒక కబురు మెటాకు వెళ్తుంది. వీటినే ఈవెంట్లు అంటారు. పేజ్‌వ్యూ, యాడ్ టు కార్ట్, పర్చేజ్, ఇలా. యాడ్‌ని ఎలాంటి వాళ్లకు చూపిస్తే కొంటారో ఆ కబుర్లను బట్టే మెటా నేర్చుకుంటుంది. కబురు తప్పయితే నేర్చుకునేదీ తప్పే. ఇంతవరకు నాకూ తెలుసు. నాది సరిగ్గానే పనిచేస్తోందని గట్టి నమ్మకం కూడా.

నమ్మకానికి కారణం లేకపోలేదు. ఆ నెల మాకు వచ్చిన ఆర్డర్లు 23. ఆ కబుర్ల లెక్కంతా కనబడే మెటా పేజీని ఈవెంట్స్ మేనేజర్ అంటారు, అందులో పర్చేజ్ ఎదురుగా ఉన్న అంకె 24. ఒకటి తేడా ఏముందిలే, ఎవరో ఆ చివరి పేజీని రెండోసారి తెరిచి ఉంటారు అనుకున్నాను. నా బాధల్లా యాడ్స్ మీద పోసిన డబ్బు తిరిగి రావడం లేదని. వారానికో యాడ్ ఆపేసి కొత్తది వేసేవాణ్ని. ఫొటోలు మార్చాను, రాసింది మార్చాను, ఒకసారి బ్యాగుల రంగులే మారుద్దామా అని ఇంట్లో గొడవ పెట్టుకున్నాను. తనకు ఫోన్ చేసింది కూడా మంచి యాడ్ ఎలా రాయాలో కాస్త చెప్పమని అడగడానికే.

తను యాడ్ సంగతి ఎత్తనేలేదు. "మీరే ఒక ఆర్డరు పెట్టండి అన్నా, ఏం జరుగుతుందో చూద్దాం" అంది. పాస్‌వర్డ్ పంపిస్తాను, నువ్వే చూసుకోమ్మా అన్నాను. ససేమిరా ఒప్పుకోలేదు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదట, తనకైనా సరే. స్క్రీన్ షేర్ చేసి నా చేత్తోనే చేయమంది. ఆదివారం పూట ఇదేం చాదస్తం అని లోపల విసుక్కున్నాను కూడా. ఆ మాట తనతో చెప్పలేదు, ఇక్కడ చదివి తెలుసుకుంటుంది.

ఈవెంట్స్ మేనేజర్‌లో టెస్ట్ ఈవెంట్స్ అని ఒక ట్యాబ్ ఉంది. అందులో మన వెబ్‌సైట్ అడ్రస్ ఇచ్చి తెరిస్తే, మనం ఏ పేజీకి వెళ్తే ఏ కబురు వెళ్లిందో అప్పటికప్పుడు వరసగా పడుతూ ఉంటుంది. నేను తెరిస్తే ఏమీ పడలేదు. అయిదు నిమిషాలు టెన్షన్ పడ్డాక తను అడిగింది, బ్రౌజర్‌లో యాడ్ బ్లాకర్ ఉందా అని. ఉంది. యాడ్స్ వేసి బతికేవాణ్ని, నా బ్రౌజర్‌లో యాడ్ బ్లాకర్! తను నవ్వు ఆపుకోవడం స్పష్టంగా వినిపించింది.

దాన్ని ఆపి మళ్లీ హోమ్ పేజీ తెరిచాను. పేజ్‌వ్యూ. దాని కిందే, అదే సెకనులో, ఇంకో పేజ్‌వ్యూ. తను "ఊ" అంది, అంతే. ఒక బ్యాగు కార్ట్‌లో వేశాను, అడ్రస్ నింపాను, డబ్బు కట్టాను. ఆర్డరు అందిందని ధన్యవాదాలు చెప్పే పేజీ వచ్చింది. టెస్ట్ ట్యాబ్‌లో పర్చేజ్, పర్చేజ్. రెండు. ఒకదాన్ని నొక్కితే నేను కట్టిన మొత్తం, మన కరెన్సీ కోడు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండోదాన్ని నొక్కితే విలువ 30.00, కరెన్సీ డాలర్లు. డాలర్లేమిటి, 30 ఏమిటి, మా దగ్గర ఏ బ్యాగుకూ ఆ లెక్క కుదరదు. ఎక్కడో నమూనాగా ఇచ్చిన కోడ్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసి మా థీమ్ ఫైల్లో (వెబ్‌సైట్ రూపురేఖలు ఉండే ఫైలు) అతికించి వదిలేశారన్న మాట. అంటే ఏడాదిన్నరగా ఎవరు ఏ బ్యాగు కొన్నా, పెద్దదైనా చిన్నదైనా, మెటాకు 30 డాలర్ల కబురు ఒకటి వెళ్తూనే ఉంది.

వెబ్‌సైట్ చేసిన ఆయన్ను తిట్టుకోబోయాను గానీ, సగం తప్పు నాదే. ఆయన పెట్టిన కోడ్ ఉందని తెలియక, ఆరు నెలల కిందట ఎవరో చెబితే నేనే పిక్సెల్ కోసం ఒక ప్లగిన్ (వెబ్‌సైట్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రాం) వేసుకున్నాను. సరైన అంకె పంపుతున్నది అదే. రెండూ ఒకే పిక్సెల్ నంబరుతో, ఒకే పేజీలో, ఎవరి పాట వాళ్లు పాడుతున్నాయి.

సరే, రెండోదాన్ని తీసేస్తే అయిపోతుంది కదా అన్నాను. అప్పుడు తను అడిగిన ప్రశ్నకే ఈ పోస్టు రాస్తున్నాను. "ఒక్కో ఆర్డరుకు రెండు పడుతుంటే 24 అంటే 12 ఆర్డర్లే కదన్నా. మీకు వచ్చినవి 23. మిగతా 11 ఏమైనట్టు?"

నాకు నోట మాట రాలేదు. ఆ 24ని ఎన్నిసార్లు చూసి మురిసిపోయానో నాకే తెలుసు. సగం ఆర్డర్లు రెండేసిసార్లు పడుతున్నాయి, మిగతా సగం అసలు పడటమే లేదు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకుని అంకెను మాత్రం ముద్దుగా నిలబెట్టాయి. పక్కాగా తేడా వచ్చి ఉంటే ఏనాడో అనుమానం వచ్చేది.

ఆ 11 ఎక్కడికి పోయాయో కూడా నా చేతే కనిపెట్టించింది. ఈసారి ఫోన్‌లో ఆర్డరు పెట్టమంది. డబ్బు కట్టేటప్పుడు మన వెబ్‌సైట్ నుంచి పేమెంట్ యాప్‌లోకి వెళ్తాం కదా. కట్టాక వెనక్కి రాకుండా అక్కడే ఆపేయమంది. ఆపేశాను. డబ్బు పడింది, ఆర్డరు వచ్చింది, నాకు మెయిల్ కూడా వచ్చింది. టెస్ట్ ట్యాబ్‌లో మాత్రం చెక్‌అవుట్ మొదలైనట్టు ఉంది, పర్చేజ్ లేదు. పది నిమిషాలు చూశాం. రాలేదు. ఎందుకంటే పర్చేజ్ కబురు పంపే కోడ్ ఉన్నది ఆ ధన్యవాదాల పేజీలో. ఆ పేజీ తెరుచుకుంటేనే అది పనిచేస్తుంది. డబ్బు కట్టేశాక మళ్లీ మన పేజీకి వచ్చి ధన్యవాదాలు చెప్పించుకోవాలని ఎవరికి మాత్రం ఉంటుంది? నేనైతే ఎప్పుడూ రాను. తర్వాత నోట్‌బుక్ తీసి, ఆ నెల 23 ఆర్డర్లనూ ఒక్కొక్కటిగా రాసి, ఎలా కట్టారో పక్కన పెన్నుతో గుర్తు పెట్టమంది. ఫోన్‌లో యాప్‌తో కట్టినవి 13. కొందరు వెనక్కి వచ్చి ఉంటారు, ఎక్కువ మంది రాలేదు. లెక్క కుదిరింది.

నేనేమో అలా వెనక్కి రాని వాళ్లందరినీ మెటా దృష్టిలో చెక్‌అవుట్ దాకా వచ్చి కొనకుండా వెళ్లిపోయిన వాళ్లుగా మిగిల్చాను. కొనేసిన వాళ్లకే "మీ కార్ట్‌లో బ్యాగు ఎదురుచూస్తోంది" అని మళ్లీ డబ్బు పెట్టి యాడ్స్ చూపించాను. అలా చూసి విసుగెత్తి మెసేజ్ పెట్టిన ఒకావిడకు నేను ఇచ్చిన సమాధానం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కంప్యూటర్ పొరపాటు అండీ అన్నాను.

బాగు చేసింది రెండో ఆదివారం. థీమ్ ఫైల్లో ఉన్న పాత కోడ్‌ని, ముందు ఫైల్‌ని కాపీ తీసి పెట్టుకుని, నా చేత్తోనే తీయించింది. తీశాక కూడా రెండేసి పడుతుంటే నా గుండె జారింది. పేజీలు త్వరగా తెరుచుకోవడానికి వాటి కాపీలు దాచిపెట్టే క్యాషే ప్లగిన్ పాత పేజీనే చూపిస్తోందట. దాన్ని ఖాళీ చేశాక ఒక్కటే పడింది. ఒక్క పేజ్‌వ్యూ చూసి అంత సంతోషపడతానని నేనెప్పుడూ అనుకోలేదు.

తర్వాత కన్వర్షన్స్ ఏపీఐ. పేరు చూసి భయపడ్డాను గానీ విషయం చిన్నదే. పిక్సెల్ అనేది కొన్నవాళ్ల బ్రౌజర్ నుంచి కబురు పంపుతుంది, ఇది మన సర్వర్ (వెబ్‌సైట్ నడిచే కంప్యూటర్) నుంచి నేరుగా పంపుతుంది. డబ్బు పడిందన్న సంగతి డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే నుంచి వెబ్‌హుక్ (దానంతట అదే వచ్చే కబురు) దారిన మన సర్వర్‌కు ఎప్పుడూ వస్తూనే ఉంది, అందుకే ఆర్డర్లు పోలేదు. అక్కడి నుంచి మెటాకు చేరవేసే వాళ్లే లేరు. మా ప్లగిన్‌లోనే ఆ సౌకర్యం ఉంది, యాక్సెస్ టోకెన్ (మెటా ఇచ్చే తాళంచెవి లాంటి అక్షరాల వరస) తెచ్చి అతికించాలి. ఆ టోకెన్ పాస్‌వర్డ్‌తో సమానమని, స్క్రీన్ షేర్‌లో కనబడకుండా అతికించమని తను ముఖం అటు తిప్పుకున్నంత పని చేసింది.

ఇక్కడ నాకు వెంటనే అనుమానం వచ్చింది. బ్రౌజరూ పంపి, సర్వరూ పంపితే మళ్లీ రెండేసి పడవా? అడిగినందుకు శభాష్ అంది. ఒకే ఆర్డరు తాలూకు రెండు కబుర్లకూ ఈవెంట్ పేరు, ఈవెంట్ ఐడీ ఒకటే ఉండాలి. అప్పుడు 48 గంటల లోపు వచ్చిన రెండోదాన్ని మెటా వదిలేస్తుంది. ఐడీగా మా ఆర్డరు నంబరే పెట్టించింది. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా, ఇంగ్లీషు పెద్ద అక్షరం చిన్న అక్షరం మారినా రెండూ వేరు వేరు అనుకుంటుందట.

ఒక్క విషయంలో మాత్రం తనతో వాదించాను. వెబ్‌సైట్‌కి వచ్చిన వాళ్లు కుకీలకు (వాళ్లను గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) ఒప్పుకున్నాకే పిక్సెల్ పనిచేయాలని, ఒప్పుకోని వాళ్ల ఆర్డరు సర్వర్ దారిన కూడా పంపకూడదని పట్టుబట్టింది. యూరప్‌లో 2018 నుంచే జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది, మనకు అక్కడి నుంచి కూడా ఆర్డర్లు వస్తాయి కదా అంది. ఇంత కష్టపడి లెక్క తెచ్చుకుని మళ్లీ కొంత పోగొట్టుకోవడమేమిటని నా గోల. "మీరు కొనడానికి వెళ్లిన చోట మీకు చెప్పకుండా రాసుకుంటే ఊరుకుంటారా?" అని అడిగింది. నా బ్రౌజర్‌లోని యాడ్ బ్లాకర్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ చేత్తోనే ఇంకోటి కూడా సరిచేయించింది. మా ధన్యవాదాల పేజీ లింకులో కొన్నవాళ్ల ఈమెయిల్ ఉన్నదున్నట్టు కనబడుతుండేది. పిక్సెల్ పేజీ అడ్రస్ మొత్తాన్ని పంపుతుంది కాబట్టి ఆ ఈమెయిల్ కూడా వెళ్లిపోతోంది. పంపాలంటే, అదీ ఒప్పుకున్న వాళ్లది, ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో గుర్తుపట్టలేని అక్షరాలుగా మార్చి పంపాలి తప్ప ఇలా కాదు.

ఇంత చేశాక కూడా, ఏ యాడ్ వల్ల ఎంత అమ్ముడైందో చూపించే యాడ్స్ మేనేజర్ పేజీలో అమ్మకాల అంకె మన ఆర్డర్లతో సరిపోదని ముందే చెప్పి పెట్టింది. చెప్పకపోయి ఉంటే మళ్లీ ఫోన్ చేసి ఏడ్చేవాణ్ని. అక్కడ మామూలుగా లెక్కేసేది యాడ్ నొక్కిన 7 రోజుల లోపు, లేదా చూసిన 1 రోజు లోపు కొన్నవాళ్లనే. పైగా సోమవారం యాడ్ నొక్కి గురువారం కొంటే ఆ అమ్మకం సోమవారం ఖాతాలో పడుతుంది. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్లలో 14.5 వెర్షన్ వచ్చినప్పటి నుంచి ట్రాకింగ్‌కు అనుమతి అడుగుతున్నారు, వద్దన్న వాళ్ల సంగతి పూర్తిగా తెలియదు. అందుకని సరిచూసుకోవాల్సింది ఈవెంట్స్ మేనేజర్‌లోని పర్చేజ్‌లను, మన ఆర్డర్ల పట్టీని. యాడ్స్ మేనేజర్‌ను కాదు.

వారానికో యాడ్ మార్చే నా అలవాటుకు కూడా అక్షింతలు పడ్డాయి. ఒక యాడ్ సెట్ (ఒకే గురితో కలిపి నడిపే యాడ్ల గుంపు) ఎవరికి చూపించాలో నేర్చుకుని కుదురుకోవడానికి వారంలో సుమారు 50 ఫలితాలు, అంటే నా లెక్కలో 50 పర్చేజ్‌లు, కావాలట. నెలకు 23 ఆర్డర్లు వచ్చే నేను, అవీ సగమే చెబుతూ, వారానికోసారి మొదటికి తెచ్చేవాణ్ని. ఇప్పుడు పర్చేజ్ బదులు యాడ్ టు కార్ట్ మీద నడుపుతున్నాం, అంటే కార్ట్‌లో వేసేవాళ్లను వెతకమని మెటాకు చెప్పాం. అది ఎక్కువ మంది చేస్తారు కాబట్టి.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఒక బ్యాగు పంపితే, "మీరు పెట్టిన టెస్ట్ ఆర్డర్లే ఇంకా రద్దు చేయలేదు, ముందు అవి చూసుకోండి" అని మెసేజ్ పెట్టింది. (చేశానమ్మా. బ్యాగు మాత్రం వెనక్కి పంపకు.) తను అడిగిందల్లా ప్రతి సోమవారం ఆ నోట్‌బుక్‌లో ఆర్డర్లు ఒక పక్క, ఈవెంట్లు ఒక పక్క రాసుకోమని.

మొన్న సోమవారం ఆర్డర్లు 9, పర్చేజ్‌లు 7. అలవాటుగా ఫోన్ తీశాను, మళ్లీ పక్కన పెట్టి పట్టీ చూశాను. ఒకావిడ కుకీలకు ఒప్పుకోలేదు, ఆర్డరు పక్కన ఆ గుర్తు ఉంది. ఇంకోటి ఫోన్ చేసి అడిగితే నేనే అడ్మిన్‌లో ఎక్కించింది, ప్లగిన్ అలాంటివి పంపదు. 7కు 7 సరిపోయింది. ఆ పేజీ ఫొటో తీసి తనకు పంపాను. "చేతిరాత మెరుగుపడాలి అన్నా" అని జవాబు వచ్చింది.