జనవరి నుంచి మట్టి మ్యాప్ పద్ధతి మారుతోంది, రేటు కూడా

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. జనవరి నుంచి ల్యాబ్ పరీక్ష లేకుండా ఒట్టి గన్ (చేతి మెషిన్) రీడింగులతో, స్థలంలో మట్టి ఎక్కడెంత కలుషితమైందో చూపే రంగుల మ్యాప్ ఇవ్వడం ఆపేస్తున్నాం. దాంతో బిల్లు సుమారు పావు వంతు పెరుగుతుంది, రిపోర్టు చేతికి రావడం కూడా ఆలస్యమవుతుంది. ఒంగోలు ఆఫీసుకు ఫోన్ చేసి "ఎందుకండీ ఇంత" అని అడుగుతున్నవాళ్లందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

ఈమధ్య మాకు వచ్చే పనుల్లో ఎక్కువ భాగం పాత షెడ్లవే. మూతపడ్డ బ్యాటరీ షెడ్డో ప్లేటింగ్ యూనిట్టో చవగ్గా వస్తోందని బేరం కుదుర్చుకుని, రిజిస్ట్రేషన్‌కి ముందు రోజు మమ్మల్ని పిలిచి, సాయంత్రానికల్లా "మట్టిలో ఏమీ లేదు" అని కాగితం రాసిమ్మంటారు. గన్ అంటే చేత్తో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్. అది మట్టి మీదికి ఎక్స్-రేలు పంపితే ఒక్కో మూలకం తనకంటూ ఉన్న శక్తితో కిరణాన్ని తిరిగి వదులుతుంది, దాన్నిబట్టి సీసం ఇంత, జింకు ఇంత అని ఒకట్రెండు నిమిషాల్లో పీపీఎంలో (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులో) చూపిస్తుంది. ఎక్కడ తవ్వాలో చెప్పడానికి దానికి సాటి లేదు. ఏమీ లేదని చెప్పడానికి మాత్రం అదొక్కటే చాలదు.

ఎందుకంటే అది చూసేది పై పొరలో కొద్ది మిల్లీమీటర్లే. మన నల్లరేగడి ఎండాకాలంలో ఎలా నెర్రెలిస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఒలికిన యాసిడ్ ఆ నెర్రెల్లోంచి కిందికి దిగిపోయి పైన అంతా బాగున్నట్టే ఉంటుంది. బ్యాటరీ షెడ్లలో ఇంకో చిక్కు: సీసం, ఆర్సెనిక్ రెండూ తిరిగి వదిలే ముఖ్యమైన కిరణాల గీతలు 10.5 కేఈవీ (కిరణం శక్తి కొలత) దగ్గర ఒకదాని మీద ఒకటి పడతాయి, కాబట్టి సీసం బాగా ఉన్నచోట మెషిన్ చూపే ఆర్సెనిక్ అంకెను నేనైతే నమ్మను. క్రోమియం మొత్తం ఎంతో చెబుతుంది గానీ అందులో విషపూరితమైన హెక్సావాలెంట్ రకం ఎంతో చెప్పలేదు. చీమకుర్తి పార్టీలు ఇది గుర్తుపెట్టుకోవాలి. అక్కడి బ్లాక్ గెలాక్సీ రాయిని మనం గ్రానైట్ అని అమ్ముతాం, నిజానికది గాబ్రో జాతి రాయి, అలాంటి నల్ల రాళ్లలో మామూలు గ్రానైట్ కంటే క్రోమియం, నికెల్ పుట్టుకతోనే ఎక్కువ. స్లర్రీ (రాయి కోసినప్పుడు వచ్చే బురద) పడ్డ చోట ఆ అంకెలు చూసి టెన్షన్ పడేముందు మీ ఫ్యాక్టరీ నీడ పడని పక్క నేలలో కూడా చూడాలి. ఇకమీదట ప్రతి పనిలోనూ అలా బయటి మట్టి కొన్నిచోట్ల తీస్తాం, వద్దన్నా తీస్తాం.

కనిగిరి నుంచి "ఫ్లోరైడ్ కూడా చూసేయండి" అంటారు. ఈ గన్‌కి ఫ్లోరిన్ కనపడదు. డీజిలు, సాల్వెంట్లు కూడా అంతే, వాటి ఆవిరికి పీఐడీ అనే వేరే మెషిన్ ఉంది.

ముత్తుకూరు, అల్లూరు వైపు ఈసీ మీటరుతో (మట్టిలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు అంచనా వేసేది) చూస్తే మ్యాప్‌లో సగం చేను ఎర్రగా వస్తుంది. అది ఫ్యాక్టరీ లీకా, రొయ్యల గుంట ఉప్పా అన్నది మీటరు చెప్పదు, మట్టి తీసి ల్యాబ్‌కు పంపితేగానీ తేలదు.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్లు ఈ గన్ వాడకానికి రాసిన 6200 పద్ధతిలో 20 రీడింగులకు కనీసం ఒకటి ల్యాబ్‌లో సరిచూడాలని ఉంది. మేం పదికి ఒకటి పంపుతాం. మ్యాప్‌లో చుక్కకీ చుక్కకీ (మేం కొలిచిన చోట్లకి) మధ్య ఉండే రంగు సాఫ్ట్‌వేర్ వేసిన అంచనా, అక్కడ ఎవరూ కొలవలేదు. అందుకని చుక్కలు మరీ దూరంగా ఉన్నచోట రంగు వేయకుండా తెల్లగానే వదిలేస్తాం. డబ్బులిచ్చి తెల్ల మ్యాప్ తీసుకోవాలా అని ఒకాయన అడిగారు. అవునండీ, తీసుకోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఫీల్డ్ పనులు ఒప్పుకోం. ఈశాన్య రుతుపవనాల వానలకు తడిసిన మట్టిలో నీరు 20 శాతం దాటిందంటే రీడింగ్ తక్కువ చూపిస్తుంది, అమ్మేవాడికి తప్ప ఎవరికీ లాభం లేదు. మరీ అర్జంటైతే మట్టి తెచ్చి ఆరబెట్టి, జల్లెడ పట్టి చూస్తాం, దానికి కూలీ వేరు.

ఇంకొక్కటి. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల మీద కొత్త నిబంధనలు తెచ్చాక మా కాగితం కాలుష్య నియంత్రణ బోర్డు దగ్గర చెల్లుతుందా అని చాలామంది అడుగుతున్నారు. ఒక స్థలం కలుషితమా కాదా అని తేల్చేది బోర్డే. మా రిపోర్టు మీరు కొనాలా వద్దా, బేరం ఎంత తగ్గించాలి అని చూసుకోవడానికి. గనుల తవ్వకం వల్ల వచ్చే కాలుష్యాన్ని ఆ నిబంధనల నుంచి చాలావరకు బయటే ఉంచారు, క్వారీల వాళ్లు అది కూడా చూసుకోండి.

వచ్చేముందు పాత కరెంటు బిల్లులో లేక పాత కూలీల మాటో, ఏదైనా సరే, ఆ షెడ్డులో ఇదివరకు ఏం పని జరిగిందో కనుక్కుని రండి, సగం తిరుగుడు తగ్గుతుంది. ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లకు పాత రేటే, ల్యాబ్ ఖర్చు మేం పెట్టుకుంటాం.