మా అన్న పతకాలు మా అమ్మ చేతికి చేర్చిన అందరికీ

అందరికీ నమస్కారం. మొన్న జూలై 26న, కార్గిల్ విజయ దినం నాడు, నెల్లూరు జిల్లా సంగం దగ్గర మా ఊరి హైస్కూలుకు వచ్చిన వాళ్లకు, రాలేకపోయినా ఫోన్ చేసి అమ్మతో మాట్లాడిన వాళ్లకు ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పుకోలేక ఇలా రాస్తున్నాను. పేర్లు రాయొద్దని కొందరు గట్టిగా చెప్పారు. అందుకని ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలిసిపోతుంది.

మా అన్న గురించి ఈ తరం పిల్లలకు తెలియదు కాబట్టి రెండు మాటలు. 1996లో మిలిటరీలో చేరాడు. హైదరాబాదు గోల్కొండ ఆర్టిలరీ సెంటరులో ట్రైనింగు. 1999లో కార్గిల్ యుద్ధం వచ్చేసరికి ద్రాస్ వైపు బోఫోర్స్ ఫిరంగి మీద పనిచేస్తున్నాడు. ఒక్కో గుండు నలభై కిలోల పైనే ఉంటుంది. జూన్ 13న టోలోలింగ్, జూలై 4న టైగర్ హిల్ మన చేతికొచ్చాయని టీవీలో చూసి ఊరంతా చప్పట్లు కొట్టాం. పైకెక్కిన వాళ్ల ప్రాణాలకు కింద నుంచి కాపు కాసింది ఈ ఫిరంగుల వాళ్లే. ఆ గుర్తుగానే 2022లో పాయింట్ 5140 అనే శిఖరానికి గన్ హిల్ అని పేరు పెట్టారు. ఆ వార్త విన్నరోజు నేను అన్న ఫోటో ముందు దీపం పెట్టాను.

2000 సంవత్సరం జనవరిలో సెలవు మీద ఇంటికొచ్చాడు. ఫిరంగి మోతకు కుడి చెవి సరిగా వినపడేది కాదు. అమ్మ రెండుసార్లు పిలిస్తే గానీ తిరిగేవాడు కాదు. వచ్చిన కొద్దిరోజులకే జ్వరం, ఆ వెంటనే పచ్చకామెర్లు. నెల్లూరు తీసుకుపోయాం, దక్కలేదు. ఇరవై మూడేళ్లు.

కార్గిల్‌లో మనవాళ్లు 527 మంది ప్రాణాలిచ్చారు. ద్రాస్‌లోని స్మారకం గోడ మీద వాళ్ల పేర్లున్నాయి. ఆ గోడ మీద మా అన్న పేరు లేదు, ఉండకూడదు కూడా. అది వాళ్ల చోటు. కానీ యుద్ధం చేసి ప్రాణాలతో తిరిగొచ్చి, ఇంట్లో మంచం మీద పోయిన పిల్లాణ్ణి ఎక్కడ తలుచుకోవాలి? ఏటా జూలై 26 వచ్చినప్పుడల్లా అమ్మ ఈ మాటే అడిగేది. నాయన పోయేదాకా ఆయనా జవాబు చెప్పలేకపోయాడు.

ఇక సాయం సంగతి. మా బంధువుల పెళ్లికి వింజమూరు వైపు నుంచి ఒక రిటైర్డు సుబేదారు గారు వచ్చారు. గోడ మీద ఫోటో చూసి లేచి నిలబడ్డారు. వివరం అడిగి తెలుసుకుని, "అమ్మా, మీవాడికి ఆపరేషన్ విజయ్ స్టార్ వచ్చి ఉండాలే, ఏదీ?" అన్నారు. "అదేందో మాకు తెలవదు నాయనా" అంది అమ్మ. కార్గిల్ పోరు జరిగిన ప్రాంతంలో పనిచేసిన వాళ్లకు ఆ పతకం ఇస్తారని, మనిషి లేకపోతే ఇంటివాళ్లు అడిగి తీసుకోవచ్చని ఆయన చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. ఆ పెళ్లిలో ఆయన భోజనం కూడా సరిగా చేయలేదు. మా ఇంటి వసారాలో కూర్చుని కాగితం మీద ఏమేం కావాలో రాసుకున్నారు.

మొదట కావలసింది అన్న ఆర్మీ నంబరు. కాగితాలన్నీ నాయన చూసుకునేవాడు, ఆయన తర్వాత అవి ఎక్కడికి పోయాయో దొరకలేదు. "పెట్టె ఉందా?" అన్నారు సుబేదారు గారు. ఉంది, అన్న తెచ్చిన రేకు పెట్టె. నా పెళ్లప్పుడు నాయన దానికి పచ్చరంగు వేయించి నాతో సారెగా పంపించాడు. మా ఊరి పెయింటరు అబ్బాయి ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దాడు. ఎక్కడ గట్టిగా రుద్దితే కింది అక్షరాలు కూడా పోతాయోనని మధ్యమధ్య తడిగుడ్డతో తుడుచుకుంటూ. పచ్చరంగు కింద నలుపు, నలుపు మీద తెల్లటి అంకెలు ఒక్కోటీ తేలాయి. నంబరు, ర్యాంకు, పేరు, ఊరు. తమ్ముడూ, ఆ రోజు నువ్వు కూలి పోగొట్టుకుని మాకోసం కూర్చున్నావు. డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నావు. నేను మరిచిపోను.

తర్వాత పేర్ల చిక్కు. అన్న రికార్డులో అమ్మ పేరు ఒకరకంగా, ఆధార్‌లో ఇంకోరకంగా ఉంది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్టు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం కావాలన్నారు. మా సచివాలయంలో పనిచేసే అమ్మాయి ఆ కాగితాలన్నీ తన సొంత అమ్మవైనట్టు చూసుకుంది. ఎక్కువ నడవలేని మా అమ్మను ఆఫీసుకు రప్పించకుండా తనే ఇంటికొచ్చి వేలిముద్రలు తీసుకుంది. నెల్లూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తు సరిచూసి నాసిక్ రోడ్డులోని ఆర్టిలరీ రికార్డ్స్‌కు పంపినాయన, నేను ఎప్పుడు ఫోన్ చేసినా విసుక్కోకుండా "వస్తుందమ్మా" అన్న మాట నాకెంత ధైర్యమో ఆయనకు తెలియకపోవచ్చు.

కిందటేడు రొట్టెల పండగకు అమ్మ నెల్లూరు బారా షహీద్ దర్గాకు పోయి, స్వర్ణాల చెరువులో కోరిక చెప్పుకుని, కోరిక తీరినవాళ్లు వదిలే రొట్టె పట్టింది. పన్నెండు మంది యోధుల సమాధులున్న చోటు అది, కొడుకు కోసం అక్కడే అడగాలని పట్టుబట్టింది. ఈ జూన్‌లో పోస్టుమాన్ రిజిస్టరు పార్సెలు తెచ్చాడు. విజయ్ స్టార్, దాంతోపాటు 50వ స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకం. జూలైలో పండగకు మళ్లీ పోయి, కోరిక తీరింది కాబట్టి రొట్టె వదిలింది. అమ్మ చేతి రొట్టె అందుకున్న బాలింత ఎవరో గానీ, ఆ బిడ్డ చల్లగా ఉండాలి.

పార్సెలు విప్పి బీరువాలో పెట్టుకుంటే చాలనుకున్నాం. మాజీ సైనికులు ఒప్పుకోలేదు. "మా తమ్ముడి పతకం అలా ఇంట్లోకి పోకూడదు" అన్నారు. ఆత్మకూరు, ఉదయగిరి, కావలి వైపుల నుంచి ఎవరి చార్జీలు వాళ్లే పెట్టుకుని వచ్చారు. అన్న చదివిన బడి ఆవరణలోనే, పిల్లలందరి ముందు అమ్మకు ఇచ్చారు. అమ్మ పైట ఎడమవైపు పెట్టబోతుంటే సుబేదారు గారు ఆపి, "ఎడమవైపు ఆయనదమ్మా. ఇంటివాళ్లు కుడివైపు పెట్టుకోవాలి" అని తనే పిన్నీసు పెట్టారు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి సెల్యూట్ చేశారు. వెనకాల అందరూ చేశారు. అమ్మ ఏం చేయాలో తెలియక దండం పెట్టింది.

నా మనసులో అన్నిటికంటే పైనున్న సాయం ఇంకొకటుంది. సుబేదారు గారే ఎవరెవరినో అడిగి, అన్నతో అదే ఫిరంగి మీద పనిచేసిన ఒకాయన్ని పట్టుకున్నారు. శ్రీకాకుళం ఆయన. ఫోన్‌లో అమ్మతో చాలాసేపు మాట్లాడారు. పేల్చబోయే ముందు గుండు మీద సుద్దముక్కతో ఏదో ఒకటి రాయడం కుర్రాళ్లకు అలవాటట. మా అన్న తెలుగులో "సంగం" అని రాసేవాడట. ఇదేం మంత్రంరా అని ఉత్తరాది హవల్దారు అడిగితే, "మా ఊళ్ల దేవుడు, సంగమేశ్వరుడు" అన్నాడట. అన్న గురించి మాకు తెలియని మాట ఒకటి ఇన్నేళ్లకు కొత్తగా ఇంట్లోకొచ్చింది. అమ్మ ఆ రోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ అది చెబుతోంది.

మన జిల్లాలో ఇలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయి. మీ ఇంటి పిల్లాడు మిలిటరీలో చేసి ఉంటే పాత ఉత్తరాల మీద, పెట్టె మీద నంబరు వెతకండి. అది దొరికితే సగం పని అయినట్టే. సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకుపోండి. కాగితాలు రాయడానికి మనిషి కావాలంటే నేను వస్తాను.

శ్రీకాకుళం అన్నయ్య దసరాకు కుటుంబంతో మా ఊరు వస్తున్నారు. పండగ మర్నాడు మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనాలు. ఈ పనిలో చెయ్యి వేసిన వాళ్లంతా రావాలని అమ్మ మరీమరీ చెప్పమంది.