రూపాయి గుర్తు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది చిన్న డీటీపీ సెంటర్. పోయిన నెల ఒక రైతు మోటారు రిపేరు బిల్లు తెచ్చి చూపించారు. 1,850 అంకె ముందు రూపాయి గుర్తుకు బదులు ప్రశ్నార్థకం పడింది. "ఎంతయిందో వాళ్లకే అనుమానమా అమ్మా?" అని అడిగారు. ఆ ప్రింటర్‌లో రూపాయి గుర్తు లేదని చెప్పాను. "మన రూపాయే లేకపోతే ఎట్లా?" అన్నారు. నాకు జవాబు దొరకలేదు.

ఉదయ్ కుమార్ గారు గీసిన ₹ గుర్తును కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది 2010 జూలై 15న. అదే ఏడాది అక్టోబరులో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకు, గుర్తులకు కంప్యూటర్లలో ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణం) 6.0లో దానికి సొంత కోడ్ వచ్చింది. మరుసటి ఏడాది నాణేల మీదకు ఎక్కింది. అంత వేగంగా నడిచిన పని బిల్లు ప్రింటర్ దగ్గర ఆగిపోయింది.

మొదట్లో కొన్ని ఫాంట్లు వేరే గుర్తుకున్న మీటకే రూపాయి బొమ్మ తగిలించాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో రూపాయి, లేని దాంట్లో చిన్న వాలు గీత. తెలుగు డీటీపీ వాళ్లకు ఈ బాధ కొత్త కాదు. యూనికోడ్ కాని ఫాంట్లలో కొట్టిన మేటర్ ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే అంతా పిచ్చిగీతలే. డబ్బు లెక్కలో అలా జరగకూడదు.

ఎస్సెమ్మెస్‌ల సంగతి మరీ బాధగా ఉంటుంది. వాటికి వాడే మామూలు అక్షరాల పట్టికలో యూరోకు చోటుంది, మన రూపాయికి లేదు. ఒక్క రూపాయి గుర్తు పెడితే చాలు, 160 అక్షరాలు పట్టే మెసేజీలో 70 మాత్రమే పడతాయి. అంతకు మించితే మెసేజీ ముక్కలవుతుంది, పంపేవాళ్లకు ఖర్చు పెరుగుతుంది. ఇది ఏ బ్యాంకో ఒంటరిగా సరిచేయగలిగేది కాదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థల ముందు ప్రభుత్వమే అడగాలి.

మిగతాది మన చేతిలోనే ఉంది. ప్రభుత్వం కొనే ప్రతి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ప్రతి ప్రింటర్ ఈ గుర్తును సరిగ్గా చూపించి, ముద్రించాలని టెండర్‌లోనే రాయండి. ప్రింటర్ లోపలి అక్షరాల పట్టికలో గుర్తు లేకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని బొమ్మగా పంపవచ్చు, అది పెద్ద కష్టం కాదు. విండోస్‌లో ఇండియా ఇంగ్లిష్ కీబోర్డు పెట్టుకుని కుడి ఆల్ట్‌తో 4 నొక్కితే గుర్తు పడుతుందని మా దగ్గరికొచ్చే చాలామందికి తెలియదు. మీసేవ కేంద్రాల్లో, బడుల్లో ఆ మాట ఒక కాగితం మీద అంటించినా మేలే.

"రూ." అని రాయడం మానమని నేను అనను, అది మన అలవాటు. కానీ గుర్తు వాడినవాళ్ల బిల్లులో అది గుర్తుగానే రావాలి. ప్రింటర్లలో గుర్తు సరిగ్గా పడుతుందో లేదో చూసే టెస్ట్ పేజీ ఏదైనా మీ శాఖ తయారుచేస్తే, మా సెంటర్‌లోని రెండు ప్రింటర్ల మీద వేసి చూసి ఫలితం పంపుతాను.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్