హార్స్‌పవర్ సరే, పేలోడ్ మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

మీ వాహనాల పేజీలో హై పెర్ఫార్మెన్స్ పికప్‌ల మీద వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారికి బండ్లంటే ప్రాణం అని తెలుస్తూనే ఉంది, ఇంజిన్ సంగతులు చక్కగా చెప్పారు, అందులో పేచీ లేదు. కానీ చివర్లో, ఏడొందల హార్స్‌పవర్ ఉంది కాబట్టి ఎంత బరువైన ట్రైలర్‌నైనా అవలీలగా లాగేస్తుందన్నట్టు ఒక ముక్క పడేసి వెళ్లిపోయారు చూడండి, అక్కడ ఒళ్లు మండింది. ఆ ముక్క నమ్మి బండి కొనేవాళ్లున్నారు. కొన్న మర్నాడే వెనకాల పడవో, కారెక్కించిన ట్రైలరో తగిలించి ఘాట్ రోడ్డెక్కేవాళ్లూ ఉన్నారు.

నిజానికి లెక్క తిరగేసి ఉంటుంది. ర్యామ్ 1500 టీఆర్ఎక్స్‌నే తీసుకోండి. 2021 మోడల్, 6.2 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వీ8, 702 హార్స్‌పవర్. కంపెనీ దాన్ని లాగమన్నది 8,100 పౌండ్లు, అంటే సుమారు 3,670 కిలోలు. అదే ర్యామ్ 1500లో 395 హార్స్‌పవర్ ఉన్న 5.7 లీటర్ల మామూలు ఇంజిన్ బండిని, తగిన యాక్సిల్ గేరుతో (ఇరుసు దగ్గరి గేరు నిష్పత్తితో) తీసుకుంటే 12,750 పౌండ్ల దాకా, అంటే 5,780 కిలోల దాకా లాగుతుంది. ఫోర్డ్ ఎఫ్-150 దగ్గరా ఇదే కథ. 2021 రాప్టర్‌కి 450 హార్స్‌పవర్, 8,200 పౌండ్లు. అదే 3.5 లీటర్ల ఇంజిన్ 400 హార్స్‌పవర్‌తో మామూలు ఎఫ్-150లో, టోయింగ్ (ట్రైలర్ లాగడం) ప్యాకేజీ తీసుకుంటే, 14,000 పౌండ్లు. ఇదేమీ కొత్త సంగతి కూడా కాదు, 1999లో వచ్చిన ఫోర్డ్ వారి సూపర్‌చార్జ్‌డ్ పికప్ ఎస్‌వీటీ లైట్నింగ్ ఆ రోజుల్లో రోడ్డు మీద స్పోర్ట్స్ కార్లని బెదరగొట్టేది, దాని టోయింగ్ మాత్రం 5,000 పౌండ్లే.

ఎందుకంటే ఈ బండ్లని తయారుచేసింది వేరే పనికి. టీఆర్ఎక్స్, రాప్టర్ లాంటివి ఎడారిలో ఎగిరి దూకడానికి కట్టినవి, సస్పెన్షన్ మెత్తగా, చాలా దూరం కిందికీ పైకీ కదిలేలా ఉంటుంది, టైర్లు 35 అంగుళాలవి, పక్కలు మెత్తన. వెనకాల బరువు పడగానే తోక దిగిపోతుంది, ముక్కు పైకి లేస్తుంది. ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోయినట్టు ఉంటుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో కొడతాయి.

ఇక పవర్ ఎంత కావాలో చూద్దాం, ఇది నోటి లెక్కే. బండి 3,000 కిలోలు, ట్రైలర్ 3,500, మొత్తం 6,500 కిలోలు. ఆరు శాతం ఎత్తున్న రోడ్డు మీద గంటకి 80 కిలోమీటర్లతో ఎక్కాలంటే, ఆ ఎత్తుకి మాత్రమే కావలసింది 85 కిలోవాట్లు, అంటే 115 హార్స్‌పవర్ లోపే. గాలికీ టైర్ల రాపిడికీ ఇంకొంత కలుపుకోండి, కలిపినా ఏడొందలకి ఆమడ దూరం. కాబట్టి ఎక్కడానికి మామూలు పికప్ చాలు. అదే కొండ దిగేటప్పుడు సరిగ్గా ఆ 85 కిలోవాట్లు ఎక్కడికో పోవాలి కదా? గాలి కొంత మింగుతుంది, కింది గేరు వేస్తే ఇంజిన్ కొంత పట్టుకుంటుంది, మిగిలిందంతా బ్రేకుల్లో వేడిగా మారాల్సిందే. ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకపోయినా, ఉన్నా సరిగ్గా సెట్ చేయకపోయినా ఆ వేడి మొత్తం పికప్ డిస్కుల మీదే పడుతుంది. పెడల్ మెత్తబడి లోపలికి వెళ్లిపోవడం మొదలయ్యాక బోనెట్ కింద ఎన్ని గుర్రాలున్నా ఏం లాభం? కొండ మీద నుంచే కింది గేర్లో దిగడం మొదలుపెట్టాలి, టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పటి గేర్ల సెట్టింగ్) ఉన్నది అందుకే, చాలామంది ఆ బటన్ ఎక్కేటప్పుడు నొక్కి దిగేటప్పుడు తీసేస్తారు.

మీ వ్యాసంలో అసలు కనపడని అంకె పేలోడ్. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదని. టీఆర్ఎక్స్‌కి కంపెనీ చెప్పిన పేలోడ్ 1,310 పౌండ్లు, అంటే 594 కిలోలు. ట్రైలర్ ముక్కు హిచ్ బాల్ మీద, అంటే పికప్ వెనక ట్రైలర్ తగిలించే గుండు మీద, మోపే బరువు, టంగ్ వెయిట్ అంటారు, అది ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ఉండాలి. 3,670 కిలోల ట్రైలర్ అయితే పన్నెండు శాతం వేసుకున్నా 440 కిలోలు. 594లోంచి అది తీసేస్తే మిగిలేది 154 కిలోలు. ఇద్దరు మనుషులు ఎక్కితే అయిపోయింది! వెనక సీట్లో పిల్లలు, ట్రక్కు బెడ్‌లో జనరేటరు, ఐస్ బాక్సు, నీళ్ల డబ్బాలు ఏ లెక్కలో వేస్తారు? బ్రోషర్‌లో ఉన్న టోయింగ్ అంకె దాకా పోకముందే పేలోడ్ నిండిపోతుంది, మామూలు పికప్‌లకీ ఇది వర్తిస్తుంది కానీ ఈ పెర్ఫార్మెన్స్ బండ్లకి మరీ ఎక్కువ.

టంగ్ వెయిట్ ఎక్కువవుతోందని కొందరు తెలివిగా సామాను ట్రైలర్‌లో వెనక్కి జరుపుతారు. కొరివితో తల గోక్కోవడమే. ముక్కు తేలికైతే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది, పక్కనుంచి పెద్ద లారీ దాటిపోతే చాలు ఆ గాలి తోపుకే. ఊగుతున్నప్పుడు పికప్ బ్రేకు గట్టిగా తొక్కితే ట్రైలర్ వెనక నుంచి నెట్టి పరిస్థితి ఇంకా చెడగొడుతుంది. యాక్సిలరేటర్ వదలాలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, పికప్‌లో కూర్చుని ట్రైలర్ బ్రేకులు వేసే బ్రేక్ కంట్రోలర్ మీదున్న చేతి లివర్‌తో ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేయాలి. ఆ లివర్ ఎక్కడుందో వెతుక్కునే తీరిక ఆ క్షణంలో ఉండదు కాబట్టి, బయల్దేరే ముందు ఖాళీ స్థలంలో నెమ్మదిగా పోనిచ్చి లివర్ జరిపి చూడాలి. ట్రైలర్ వెనక నుంచి పట్టి లాగినట్టు అనిపించాలి, అనిపించకపోతే ఎక్కడో వైర్ ఊడిందనే అర్థం. తగిలించేటప్పుడు ఇంకో పని కూడా, కప్లర్‌ని (ట్రైలర్ ముక్కున బాల్‌ని పట్టుకునే భాగాన్ని) బాల్ మీద దించి లాచ్ వేసి పిన్ను పెట్టాక, జాక్‌తో మళ్లీ కొంచెం పైకి ఎత్తి చూడండి. ట్రైలర్‌తో పాటు ట్రక్కు వెనక భాగం కూడా లేస్తే కప్లర్ పట్టింది. ట్రైలర్ ఒక్కటే లేచిందంటే లాచ్ బాల్ పైన ఊరికే కూర్చుంది. నిమిషం పని, చేసేవాళ్లు తక్కువ.

పవర్ ఎక్కువ ఉండటంలో ఒక ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ రాయరు. బరువు తెలియదు. మామూలు ఇంజిన్ అయితే మూలుగుతూ మనల్ని హెచ్చరిస్తుంది, వీటికి కాలు ఆనిస్తే చాలు గంటకి 120 కిలోమీటర్లు దాటేస్తాయి. ట్రైలర్ టైర్లు చాలావాటికి గంటకి 65 మైళ్లు, అంటే 105 కిలోమీటర్లే హద్దు, ఎక్కువ స్పీడుకి పనికొస్తుందని టైరు మీద ప్రత్యేకంగా ముద్ర ఉంటే తప్ప. పైగా వేగం రెట్టింపైతే ఆపడానికి కావలసిన శక్తి నాలుగింతలు.

కంపెనీల అంకెలన్నీ గాలి కబుర్లని నేననను. ఒకప్పుడు ఎవరికి తోచింది వాళ్లు వేసుకునేవారు, తర్వాత ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జే2807 అనే ప్రమాణం వచ్చింది, 2011 మోడల్ టండ్రా పికప్‌తో టయోటా ముందుగా దాన్ని పాటించింది. దాని ప్రకారం అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 18 కిలోమీటర్ల ఎత్తు రోడ్డుని, మండే ఎండలో ఏసీ పూర్తిగా పెట్టి, ట్రైలర్‌తో గంటకి 64 కిలోమీటర్లకి తగ్గకుండా ఎక్కాలి. మంచి పరీక్షే. కాకపోతే అందులో లెక్కపెట్టిన మనుషులు ఇద్దరు, ఒక్కొక్కరు 68 కిలోలు. మన కుటుంబాల బరువు ఆ లెక్కలో పడదు.

కాబట్టి దయచేసి, మీ పట్టికలో హార్స్‌పవర్ గడి పక్కన పేలోడ్ గడి ఒకటి పెట్టండి, ఏ మోడల్‌కి, ఏ యాక్సిల్ గేరుకి ఆ టోయింగ్ అంకె వర్తిస్తుందో చిన్న అక్షరాల్లోనైనా వేయండి. తర్వాత ఎలక్ట్రిక్ పికప్‌ల మీద రాస్తామన్నారు. దిగుడులో మోటారే బ్రేకుగా పనిచేయడం వాటికి పెద్ద సుగుణం, బ్యాటరీ నిండా చార్జ్ అయి ఉంటే మాత్రం ఆ సాయం తగ్గిపోతుంది, ఈ రెండో సగం కూడా రాయండి. పెద్ద ట్రైలర్ తగిలిస్తే ఒక చార్జ్‌కి వచ్చే దూరం సగానికి పడిపోవచ్చు, అందుకని ఖాళీ బండి అంకె ఒక్కటే వేసి సరిపెట్టకండి.

ఇట్లు,
మీ పాఠకుడు